ముందు లెవెల్, తర్వాతే మట్టి



కొత్త ఇంటికి శంకుస్థాపన అయిన మర్నాడే ఇంట్లో ఒక చర్చ మొదలవుతుంది. ఎన్ని ట్రక్కుల మట్టి తోలించాలి? మేస్త్రీ ఒక లెక్క చెబుతాడు. ట్రాక్టరు యజమాని ఇంకో లెక్క చెబుతాడు. నిరుడు పక్క వీధిలో ఇల్లు కట్టుకున్న బావగారు మూడో లెక్క చెబుతారు. చివరికి ఎవరి మాట గట్టిగా వినబడితే ఆ లెక్కన మట్టి వచ్చి పడుతుంది. సిమెంటును బస్తాల్లో, ఇనుమును కిలోల్లో లెక్కపెట్టుకునే మనం మట్టి దగ్గరికి వచ్చేసరికి ఉజ్జాయింపుతో సరిపెట్టుకుంటాం. ఇళ్ల పనులు చూసే ఇంజనీరుగా నేను గట్టిగా నమ్మేది ఒకటి చెబుతాను. మనం తోలించే మట్టిలో పెద్ద భాగం అక్కర్లేనిదే. దాన్ని తగ్గించుకునే అవకాశం మట్టి దిగాక ఉండదు, ప్లాను గీసే రోజున ఉంటుంది.

ఆ మట్టి ఎక్కడి నుంచి వస్తోందో ఒక్కసారి చూడండి. కోస్తాలో ఎర్ర గ్రావెల్ అయినా, తెలంగాణలో మొరం అయినా ఏదో ఒక గుట్టను తొలిచి తెచ్చిందే. గుట్ట దగ్గర్లో లేనిచోట పొలం పై పొరను గీరి తెస్తారు. పంట పండించే ఆ పై పొర తయారు కావడానికి వందల ఏళ్లు పడుతుంది. దాన్ని మన హాలు గచ్చు కింద శాశ్వతంగా పూడ్చిపెడుతున్నాం. మెరక వేసే మామూలు మట్టిని కూడా కేంద్ర ప్రభుత్వం 2000వ సంవత్సరంలో చిన్నతరహా ఖనిజాల జాబితాలో చేర్చింది. దాన్ని తవ్వి తేవడానికి అనుమతి కావాలి, సీనరేజి రుసుము కట్టాలి. రాత్రిపూట గుట్టుగా దిగే మట్టికి ఆ రెండూ ఉండవు.

అసలు ఇంటి నేల ఎంత ఎత్తులో ఉండాలన్నది ఎవరు తేలుస్తున్నారు? చాలా వీధుల్లో పక్కిల్లే తేలుస్తోంది. వాళ్లు మూడడుగులు లేపారు కాబట్టి మనం మూడున్నర. ఎదురింటివాళ్లు రేపు నాలుగు. ఇందులో నీటి లెక్క లేదు, నేల లెక్క లేదు. జాతీయ భవన నియమావళి ప్రకారం ఇంటి బేస్‌మెంట్ చుట్టూ ఉన్న నేల కంటే కనీసం 45 సెంటీమీటర్లు, అంటే అడుగున్నర ఎత్తుండాలి. కారు షెడ్డుకూ, ఇంటి లోపలి ముంగిలికీ 15 సెంటీమీటర్లు, అంటే అరడుగు ఉంటే సరిపోతుంది. ఇది కనీసం ఉండాల్సిన ఎత్తు. వాన నీరు నిలిచే వీధిలో, కాలవ గట్టు పక్కన దీన్ని పెంచుకోవాల్సిందే. అయితే ఎంత పెంచాలో మీ స్థలమే చెప్పాలి.

స్థలం చేత ఆ మాట చెప్పించే సాధనం మేస్త్రీ దగ్గర ఉండనే ఉంటుంది. అదే నీళ్లు నింపే సన్నటి లెవెల్ పైపు. నింపేటప్పుడు లోపల గాలి బుడగ మిగలకూడదు, మిగిలితే లెవెల్ తప్పు చూపిస్తుంది. ఒకరు పైపు ఒక కొసను రోడ్డు మధ్య ఎత్తైన చోట నిలబెట్టిన కర్రకు ఆనించి పట్టుకోవాలి. రెండో మనిషి రెండో కొసను స్థలం మూలకు తీసుకెళ్లి అక్కడి కర్రకు ఆనించాలి. కొసల మీద పెట్టిన బొటనవేళ్లు ఇద్దరూ తీసేసి, లోపలి నీరు ఊగడం మానేదాకా ఓపిక పట్టాలి. నిలిచాక నీటి మట్టం దగ్గర రెండు కర్రల మీదా బొగ్గుతో గీత పెట్టాలి. గీత నుంచి నేలదాకా టేపుతో కొలిస్తే రోడ్డుకూ మీ స్థలానికీ ఉన్న తేడా అంగుళాల్లో తేలిపోతుంది. నాలుగు మూలలూ, స్థలం నడిబొడ్డూ ఇలాగే చూడండి. చివరగా వీధి మురుగు కాలువ అడుగు కూడా కొలవండి. పొద్దున్నే మొదలుపెడితే టిఫిను వేళకు అయిపోయే పని ఇది.

మురుగు కాలువ అడుగు ఎందుకంటారా? నీరు పల్లమెరుగు. పెరట్లో పడిన వాన బయటికి పోవాలంటే పెరడు రోడ్డు కంటే ఎత్తుగా ఉండాలనుకుంటాం. నిజానికి పెరడు కాలువ అడుగు కంటే ఎత్తుగా ఉండి, 100 అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు ఉంటే నీరు పోతుంది. 60 అడుగుల పొడవున్న స్థలానికి ఆ వాలు సుమారు 7 అంగుళాలు. కాలువ పైఅంచు రోడ్డుతో సమంగా ఉండి లోతు అడుగున్నర అనుకుందాం. అప్పుడు స్థలం వెనక మూల రోడ్డు కంటే 11 అంగుళాలు కిందున్నా నీరు నిలవదు. చిన్నపాటి వానకే కాలువ నిండి వెనక్కు తన్నే వీధుల్లో మాత్రం ఈ లెక్కకు ఇంకొంత ఎత్తు కలుపుకోవాలి.

అందుకే ఇంటిని లేపండి, స్థలాన్నంతా లేపకండి. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు ఉన్న 200 గజాల స్థలంలో 1000 చదరపు అడుగుల ఇల్లు వేస్తే 800 చదరపు అడుగులు ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీని రెండడుగులు మెరక చేస్తే 1600 ఘనపుటడుగుల మట్టి, అంటే 16 యూనిట్లు పడుతుంది. దానివల్ల ఇంట్లోవాళ్లకు వచ్చే సుఖం ఏమీ లేదు. మీ పెరట్లో ఇంకాల్సిన నీరు ప్రహరీ దాటి పక్కవాళ్ల వాకిట్లోకి పోతుంది. పెరట్లో మామిడో వేపో ఉంటే, దాని మొదలు చుట్టూ రెండడుగుల మట్టి పోస్తే వేళ్లకు గాలి అందక చెట్టు క్రమంగా ఎండిపోతుంది. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, మనం వాల్టా అంటున్నదే, వాన నీటిని స్థలంలోనే ఇంకించమంటోంది. పెరడు పల్లంగా ఉంటే ఇంకుడు గుంతకు నీరు తనంతట తనే చేరుతుంది.

వాస్తు పాటించేవారు ఇక్కడ ఒక మాట అడుగుతారు. నైరుతి ఎత్తుగా, ఈశాన్యం పల్లంగా ఉండాలి కదా అని. ఉంచుకోండి. రెండు మూలల మధ్య నాలుగైదు అంగుళాల తేడా ఉన్నా నైరుతి ఎత్తే, ఈశాన్యం పల్లమే. దానికోసం స్థలమంతా మూడడుగులు పూడ్చి, మళ్లీ ఒక మూల తవ్వి పల్లం చేయనక్కర్లేదు. ఈశాన్యంలో సంపు తవ్వుతున్నారు కదా, అక్కడ తీసిన మట్టిని నైరుతి వైపు పరిస్తే రెండు పనులూ ఒకే తవ్వకంతో అయిపోతాయి.

పెన్సిలు, కాగితం దగ్గరుంటే ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. ఇల్లు 25 అడుగులు, 40 అడుగులు. నేల మట్టం స్థలం కంటే 3 అడుగుల ఎత్తు. మామూలుగా వేసే లెక్క 25 ఇంటూ 40 ఇంటూ 3. మొత్తం 3000 ఘనపుటడుగులు, అంటే 30 యూనిట్లు. ట్రక్కులో వదులుగా వచ్చే మట్టి దిమ్మిస కొట్టాక అణుగుతుంది కాబట్టి నాలుగో వంతు అదనంగా కలుపుతారు. 37 దాటుతుంది. ఇక 40 తోలించేద్దాం అంటారు.

ఇందులో మొదటి పొరపాటు, గోడలు తినే చోటును మరిచిపోవడం. ఈ ఇంటికి బయటి గోడలూ లోపలి గోడలూ కలిపి సుమారు 200 అడుగుల పొడవు వస్తుంది. బేస్‌మెంట్‌లో రాతి కట్టుడు 15 అంగుళాల వెడల్పుంటే గోడలే 250 చదరపు అడుగులు. మట్టి పట్టే చోటు మిగిలింది 750 మాత్రమే. రెండో పొరపాటు, గచ్చు మందాన్ని మరిచిపోవడం. కాంక్రీటు 4 అంగుళాలు, మాలు, టైల్సు కలిపి ఇంకో 2 అంగుళాలు. మొత్తం అరడుగు పోతుంది. 3 అడుగుల ఎత్తులో మట్టి రావాల్సింది రెండున్నర అడుగులే. 750 ఇంటూ రెండున్నర 1875. మూడు వేల నుంచి పద్దెనిమిది వందల చిల్లరకు దిగాం, ఇంకా ఏ పొదుపు ఉపాయమూ మొదలుపెట్టలేదు.

ఇప్పుడు స్థలంలోనే తీసే మట్టి చూద్దాం. పునాది కందకాలు 200 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, 3 అడుగుల లోతు తవ్వితే 1500 ఘనపుటడుగుల మట్టి వస్తుంది. కందకంలో అధిక భాగాన్ని రాయీ కాంక్రీటూ ఆక్రమిస్తాయి కాబట్టి 1000కి పైగా మిగులుతుంది. నీళ్ల సంపు, సెప్టిక్ ట్యాంకు తవ్వితే 500కు తగ్గదు. ఇంటి సొంత మట్టే 1500. ఇక బయటి నుంచి కావాల్సింది 375. నలభై యూనిట్ల చోట నాలుగైదు యూనిట్లు! నేల మట్టం 3 అడుగుల నుంచి 2 అడుగులకు దించుకోగలిగితే కావాల్సింది 1125. సొంత మట్టే మిగిలిపోతుంది. స్తంభాల పునాదులైతే గుంతల్లో తీసిన మట్టిలో ఎక్కువ పాలు మళ్లీ గుంతల్లోకే పోతుంది, మిగులు తక్కువ. అక్కడ కూడా సంపు, సెప్టిక్ ట్యాంకుల మట్టి చేతిలో ఉంటుంది.

అయితే ఆ మట్టి చేతిలో మిగలాలంటే పనివాళ్లు దాన్ని ఎటు పోస్తున్నారో చూడాలి. కందకం తవ్వేవాళ్లు అలవాటుగా మట్టిని బయటివైపు విసురుతారు. అక్కడ అది వానకు కొంత కొట్టుకుపోతుంది, ఇసుకలో, కంకరలో కొంత కలిసిపోతుంది, లారీల చక్రాల కింద కొంత అణిగిపోతుంది. గోడలు లేచాక మిగిలిందాన్ని తట్టలకెత్తి, బేస్‌మెంట్ గోడ మీదుగా లోపలికి మోస్తారు. ఒకే మట్టికి రెండు కూలీలు. కేరళలో స్థిరపడి, సామాన్యుల ఇళ్ల ఖర్చు తగ్గించడానికి జీవితం ధారపోసిన వాస్తుశిల్పి లారీ బేకర్ దీన్ని తన చిన్న పుస్తకంలో బొమ్మ వేసి మరీ చూపించారు. పార తిప్పే దిశ మార్చండి, మట్టిని కందకం లోపలివైపే పోయండి అన్నారు. 2007లో ఆయన కన్నుమూశారు. ఆ సలహాకు పైసా ఖర్చు లేకపోయినా మన తవ్వకాల దగ్గర నేటికీ పార బయటికే తిరుగుతోంది. తవ్వకం మొదలయ్యే రోజు ఇంటి యజమాని అక్కడ ఉండి ఈ ఒక్కమాట చెబితే చాలు. కందకం అంచు నుంచి రెండడుగులు వదిలి పోయించండి, లేకపోతే మట్టి జారి మళ్లీ కందకంలో పడుతుంది. పై అరడుగులో గడ్డి, వేళ్లు ఉంటాయి. అది గచ్చు కిందికి పనికిరాదు, విడిగా తీసి పెరట్లో మొక్కలకు వాడుకోండి.

ఇదంతా ఎర్రమట్టి, ఇసుక కలిసిన మట్టి ఉన్నచోట. గుంటూరు, ప్రకాశం, కర్నూలు, ఆదిలాబాదు ప్రాంతాల నల్లరేగడి సంగతి వేరు. అది నీరు తాగితే ఉబ్బుతుంది, ఎండితే బీటలు తీస్తుంది. దాన్ని గచ్చు కింద పోస్తే టైల్సు లేస్తాయి, తలుపులు పట్టేస్తాయి. కాబట్టి తవ్విన నల్లమట్టిని గోడలకు దూరంగా పెరట్లో పరచి, గచ్చు కింద మొరమో గ్రావెలో వాడక తప్పదు. అలాంటప్పుడు ఎత్తు అంగుళం తగ్గినా లాభమే. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇలాంటి నేలల కోసం అడుగున గుమ్మటంలా వెడల్పయ్యే పైల్ పునాదిని రూపొందించింది. అండర్ రీమ్డ్ పైల్ అంటారు. పెద్ద పెద్ద గుంతలు తవ్వి పూడ్చే పని ఉండదు. పైళ్ల మీద వేసే బీమును నేలకు తగలకుండా కొంచెం ఎడం ఉంచి వేస్తారు, నేల ఉబ్బినా ఇంటిని నెట్టదు. నల్లరేగడిలో కట్టేవారు ఇంజనీరును దీని గురించి తప్పక అడగాలి.

మట్టి తగ్గించమనడానికి ఖర్చు కంటే పెద్ద కారణం ఒకటుంది. దాని బరువు. దిమ్మిస కొట్టిన మట్టి ఒక ఘనపు మీటరు సుమారు 1800 కిలోలు తూగుతుంది. అంటే మూడడుగుల పైచిలుకు మెరక వేస్తే ప్రతి చదరపు మీటరు నేల మీదా దాదాపు రెండు టన్నుల భారం పెట్టినట్టు. గోడలు, స్లాబు, సామాను, మనుషులు కలిపి మామూలు ఇంటి ఒక అంతస్తు కూడా అంత బరువుండదు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో మెత్తని బంకమట్టి నేల మీద, నిన్నటిదాకా వరి పండిన చెక్కల్లో ఇప్పుడు లే అవుట్లు వేస్తున్నారు. అక్కడ అయిదారడుగుల మెరక వేసి వెంటనే ఇల్లు కడితే ఆ మట్టి తన బరువుకే కింది నేలను అణచుకుంటూ ఏళ్ల తరబడి దిగుతుంది. గోడ నిలిచి ఉంటుంది, గచ్చు మాత్రం కుంగుతుంది. స్కర్టింగు కింద చీపురుపుల్ల దూరేంత సందు పడుతుంది, ఆ సందు ప్రతి వేసవికీ పెరుగుతుంది. మేస్త్రీని తిట్టి లాభం లేదు. అక్కడ నేల మోయలేని బరువు పెట్టాం.

మట్టి పోసేది కొంచెమే అయినా సరిగా దిమ్మిస కొట్టాలి, లేకపోతే కుంగినచోట మళ్లీ తెచ్చి పోయాలి. మొత్తం ఒకేసారి నింపి, పైన నీళ్లు కట్టి వదిలేసే పద్ధతి ఇసుకకు కొంత పనిచేస్తుంది, బంక ఉన్న మట్టికి పనిచేయదు. ఆరు నుంచి ఎనిమిది అంగుళాల పొర పోయాలి, నీళ్లు చిలకరించాలి, దిమ్మిస కొట్టాలి, ఆ తర్వాతే రెండో పొర. తడి ఎంత ఉండాలో చెయ్యే చెబుతుంది. పిడికెడు మట్టి తీసుకుని గట్టిగా నొక్కండి. ఉండ కట్టాలి, చేతికి నీరు కారకూడదు. ఆ ఉండను నడుమెత్తు నుంచి వదిలితే రెండు మూడు ముక్కలు కావాలి. పొడిపొడిగా రాలిపోతే తడి చాలలేదు, ముద్దలా అతుక్కుంటే ఎక్కువైంది. మట్టికి తగిన తడి ఉన్నప్పుడే అది పూర్తిగా అణుగుతుందని 1933లో ప్రాక్టర్ అనే అమెరికా ఇంజనీరు ప్రయోగాలతో చూపించాడు. నేటికీ రోడ్లు, ఆనకట్టలు కట్టేది ఆ సూత్రం మీదనే.

పాత ఇల్లు పడగొట్టి కొత్తది కడుతున్నవారు ఆ ఇటుక ముక్కల్ని, కాంక్రీటు పెళ్లల్ని డబ్బిచ్చి ఊరి బయట చెరువులో పారబోయించి, మళ్లీ డబ్బిచ్చి మట్టి కొంటున్నారు. పిడికిలి కంటే చిన్నవిగా కొట్టించి, కర్రముక్కలు, ప్లాస్టిక్కు, గుడ్డపీలికలు ఏరేసి, కింది పొరల్లో మట్టితో కలిపి దిమ్మిస కొడితే మేలైన నింపుడు అది. హైదరాబాదులో అయితే జీడిమెట్లలోనూ ఫతుల్లాగూడలోనూ ఈ శిథిలాలను ఇసుకగా, కంకరగా మార్చే కేంద్రాలు ఉన్నాయి.

ఇక నిజంగానే నాలుగైదు అడుగులు లేపక తప్పని స్థలాలున్నాయి. అలాంటిచోట మట్టితో నింపాలన్న పట్టు వదిలేయండి. ప్లింత్ బీముల మీదే స్లాబు వేసి, కింద ఖాళీగా ఉంచవచ్చు. ఇనుము, సిమెంటు ఎక్కువ పడతాయి. దానికి ఎదురుగా మట్టి, తోలకం, కూలీ, కుంగుడు భయం, ఇవన్నీ పెట్టి ఇంజనీరు చేత రెండు లెక్కలూ వేయించండి. కింది ఖాళీకి గాలి ఆడే కంతలు పెట్టి, పాములూ ఎలుకలూ దూరకుండా గట్టి జాలీ బిగించాలి. వరద వచ్చే చోట కింద స్తంభాలు ఉంచి, కాపురం పై అంతస్తులో పెట్టుకోవడం అన్నిటికంటే మేలు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది. అక్కడ బేస్‌మెంట్ ఒక అడుగు ఎక్కువ లేపినా, రెండడుగులు ఎక్కువ లేపినా కింది అంతస్తు మునగకుండా ఉండేది కాదు. పైగా ప్రతి స్థలమూ మెరక అవుతున్నకొద్దీ ఆ నీటికి పరుచుకునే చోటు తగ్గుతుంది.

విశాఖ కొండవాలు లాంటి చోట్ల కట్టేవారికి ఒక్క మాట. ఇంటి పొడవును వాలుకు అడ్డంగా, ఎత్తు మారని దిశలో పెట్టండి. పై వైపు కొంచెం తవ్వి ఆ మట్టినే కింది వైపు పోస్తే బయటి మట్టి అక్కర్లేదు. హాలుకూ పడకగదికీ మధ్య రెండు మెట్లు వచ్చినా ఫర్వాలేదు. ముసలివాళ్లున్న ఇంట్లో మాత్రం వాళ్ల గది, స్నానాలగది ఒకే మట్టంలో ఉండేలా చూసుకోండి.

చివరగా మన చేతుల్లో సగమే ఉన్న విషయం. ఇళ్లు ఇంతెత్తున లేపడానికి రోడ్లే పెద్ద కారణం. పాత తారు మీదే కొత్త తారు, పాత సిమెంటు రోడ్డు మీదే కొత్త సిమెంటు రోడ్డు వేసుకుంటూ పోతే రోడ్డు లేస్తుంది. పాత ఇళ్ల వాకిళ్లు గోతులవుతాయి. కొత్తగా కట్టేవాడు రాబోయే రోడ్డుకు కూడా కలిపి ముందే లేపుకుంటాడు. తమిళనాడు ప్రభుత్వం 2021లో, పాత పొరను గీరి తీసేశాకే కొత్త పొర వేయాలని, రోడ్డు మట్టం పెరగకూడదని ఆదేశించింది. మనమూ అడగాలి. మీ వీధికి రోడ్డు మంజూరైన రోజే వార్డు సభ్యుడి దగ్గరికి, మున్సిపల్ ఇంజనీరు దగ్గరికి నలుగురు కలిసి వెళ్లండి. పాత పొర తీశాకే కొత్తది వేయమని కాగితం మీద రాసి ఇవ్వండి.

ఇల్లు కట్టబోతున్న శ్రోతలకు నా విన్నపం ఇది. మీ ప్లాను కాగితం మీద రెండు అంకెలు రాయించుకోండి. రోడ్డు నుంచి ఇంటి నేల మట్టం ఎన్ని అంగుళాల ఎత్తు, సొంత మట్టి పోను బయటి నుంచి రావాల్సింది ఎన్ని ఘనపుటడుగులు. ఆ రెండూ రాసి ఇంజనీరు సంతకం పెట్టేదాకా ఒక్క ట్రక్కు మట్టికి కూడా బయానా ఇవ్వకండి.